ఇంటినిండా జనం, మరి బాలింత మనసుకు తోడెవరు?

ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చిన తల్లీబిడ్డల్ని ఆశా కార్యకర్త ఆరుసార్లు వచ్చి చూడాలి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. ఆమె సంచిలో బిడ్డను తూచే కాటా, థర్మామీటర్, గడియారం, ఒక ఫారం ఉంటాయి. బిడ్డ బరువెంత, ఒళ్లు వెచ్చగా ఉందా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, పాలు గట్టిగా తాగుతోందా అని ఒక్కొక్కటీ చూసి రాసుకోవాలి. తల్లిని అడిగేవీ ఉన్నాయి. రోజుకు ఎన్నిసార్లు కడుపునిండా తింటోంది, ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది, జ్వరం ఉందా, రొమ్ములు గడ్డకట్టాయా. మనసుకు కాస్త దగ్గరగా వచ్చే ప్రశ్న మాత్రం జాతీయ నమూనా ఫారంలో ఒక్కటే: తల్లి పొంతన లేకుండా మాట్లాడుతోందా, లేదా ఫిట్స్ వస్తున్నాయా?

అది అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి దొరికేది గుర్రపువాతం (బీపీ పెరిగి బాలింతకు వచ్చే ఫిట్స్), లేదంటే వెయ్యి మందిలో ఒకరిద్దరికి వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు. అన్నీ పొంతనగానే మాట్లాడుతూ, బిడ్డకు వేళకు పాలిస్తూ, మిగతా సమయమంతా గోడవైపు తిరిగి పడుకునే తల్లి ఆ ఫారంలో ఎక్కడా కనబడదు. అలాంటివాళ్లు తక్కువేమీ కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, ఇరవై వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉన్నవాళ్లు 22 శాతమని అది లెక్కగట్టింది. అంటే ఐదుగురిలో ఒకరి కంటే కాస్త ఎక్కువే.

తల్లులకు సపోర్ట్ నెట్‌వర్క్ కావాలన్న మాట ఇప్పుడు డాక్టర్ల నోట, ప్రభుత్వ పత్రాల్లో, ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినిపిస్తోంది. మాట ఒకటే అయినా ఎవరి ఉద్దేశం వాళ్లది. ఒకరి లెక్కలో అది పుట్టిల్లు, ఇంకొకరి లెక్కలో తోటి తల్లుల బృందం, మరొకరికి హెల్ప్‌లైన్ నంబరు. వీటిలో ఏది ఏ పని చేయగలదు, ఏది చేయలేదు అన్నది విడదీసి చూడాలంటే ముందు జబ్బు సంగతి తేలాలి.

ఏడుపు వేరు, దిగులు వేరు, మతి తప్పడం వేరు

కాన్పయిన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే కళ్లనీళ్లు తిరుగుతాయి. చిన్నమాటకే కోపం, అంతలోనే నవ్వు. దీన్ని బేబీ బ్లూస్ అంటారు. సగానికి పైగా బాలింతల్లో కనిపిస్తుంది, రెండు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. మందు అక్కర్లేదు. నిద్ర, తిండి, పక్కన విసుక్కోని మనిషి ఒకరుంటే చాలు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే, 'నేను తల్లిగా పనికిరాను' అన్న ఆలోచన తిష్ఠ వేస్తే అది డిప్రెషన్ కావచ్చు. కాన్పు తర్వాతే మొదలవ్వాలని లేదు. కడుపుతో ఉన్నప్పుడే రావచ్చు, బిడ్డకు ఏడాది నిండేలోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. మన దగ్గర దీని గురించి 'మనసు బాగోలేదు' అని చెప్పుకునేవాళ్లు తక్కువ. తలబరువు, ఒళ్లునొప్పులు, గుండెదడ, నీరసం అంటారు. డాక్టరు బలానికి మాత్రలు రాసి పంపిస్తారు. అలా రాయడం ప్రతిసారీ తప్పని కూడా అనలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి నీరసం, దిగులే ఉంటాయి. కాబట్టి రక్తపరీక్ష చేయించాలి, మనసు గురించీ అడగాలి. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేస్తేనే చిక్కు.

డిప్రెషన్‌తో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, విపరీతమైన ఆందోళన ఉంటుంది. బిడ్డ ఊపిరి తీస్తోందో లేదో అని రాత్రి పదిసార్లు లేచి చూడటం, బిడ్డ చేతిలోంచి జారిపడినట్టు కళ్లముందు మెదలడం. ఇలాంటి ఊహలు వచ్చిన తల్లి వాటికి తనే హడలిపోతుంది, ఎవరికైనా చెబితే పిచ్చిదంటారని నోరు మెదపదు. ఇది మతి తప్పడం కాదు.

మతి తప్పే పరిస్థితిని ప్రసవానంతర సైకోసిస్ అంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింట్లో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. రాత్రుళ్లు నిద్ర లేకపోయినా అలసట ఉండదు. లేని గొంతులు వినిపిస్తాయి, బిడ్డ గురించి వింత నమ్మకాలు పుట్టుకొస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటూ రోజులు గడిపేది ఈ జబ్బుకే. నిజానికి ఇది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన అత్యవసరం. ఇక్కడ స్నేహితురాలి ఓదార్పు సరిపోదు. అలాగే, బేబీ బ్లూస్‌కు మానసిక వైద్యుడి అవసరం లేదు. మధ్యలో ఉన్న డిప్రెషన్, ఆందోళన దగ్గరే చుట్టూ ఉన్న మనుషుల పాత్ర అన్నిటికంటే ఎక్కువ.

ఒంట్లో జరిగేదెంత, ఇంట్లో జరిగేదెంత

కాన్పు కాగానే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. కంటికి కునుకు ఉండదు. ఇంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇదంతా ఒంటి సంగతి. అయితే హార్మోన్లు అందరు తల్లుల్లోనూ పడిపోతాయి, డిప్రెషన్ మాత్రం కొందరికే వస్తుంది.

గోవాలో కాన్పయిన 6 నుంచి 8 వారాల తల్లుల్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. 23 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. దాంతో ముడిపడినవి పేదరికం, భర్తతో పడకపోవడం, భర్త చేతిలో హింస. కొడుకు కావాలనుకున్న ఇంట్లో కూతురు పుడితే ఆ ముప్పు ఇంకా పెరిగింది. అదే ఏడాది తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన మరో అధ్యయనం కూడా దాదాపు ఇవే చెప్పి, అత్తతో, కన్నవాళ్లతో సరిపడకపోవడాన్ని కూడా జతచేసింది. అసలు పీటముడి ఇక్కడే ఉంది. తల్లికి అండ ఎవరంటే మనం చూపించేది ఆ కుటుంబాన్నే. చాలామంది విషయంలో దిగులు మొదలయ్యేదీ ఆ నాలుగు గోడల మధ్యే. 'ఫ్యామిలీ సపోర్ట్ ఉంటే చాలు' అని తేల్చేసే వ్యాసాలు చాలావరకు ఈ సంగతి దాటేసి వెళ్లిపోతాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో అంశం కూడా ఉంది. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం. ఆపరేషన్ వల్లే డిప్రెషన్ వస్తుందని తేల్చి చెప్పలేం. కానీ కుట్లు మానేదాకా వంగడానికి, బిడ్డను ఎత్తుకోవడానికి, మంచం దిగడానికి కూడా మరో చెయ్యి కావాలి. ఆ చెయ్యి లేనప్పుడు సిజేరియన్ అయిన తల్లికి రోజు గడవడమే కష్టం.

అండలో నాలుగు పనులుంటాయి

సామాజిక అండ గురించి పరిశోధించేవాళ్లు దాన్ని నాలుగుగా విడదీస్తారు. చెప్పుకుంటే వినడం ఒకటి. పనిలో చేతిసాయం రెండోది. సరైన సమాచారం మూడోది. 'నువ్వు బాగానే చేస్తున్నావు' అనే భరోసా నాలుగోది. ఒకటి ఎంత ఎక్కువున్నా ఇంకోదాని లోటు తీరదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. సునీతది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. సిజేరియన్, ఆడపిల్ల. భర్త బెంగళూరులో ఉద్యోగం, రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తాడు. అమ్మ తెల్లారకముందే నీళ్లు కాచి, స్నానం చేయించి, సాంబ్రాణి ధూపం వేసి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడుతుంది. వెల్లుల్లి కారంతో వేడన్నం పెడుతుంది. పెద్దమ్మ బిడ్డకు నూనె పట్టి కాళ్లమీద వేసుకుని నీళ్లు పోస్తుంది. చేతిసాయానికి ఏ లోటూ లేదు.

సమాచారం దగ్గరకు వస్తే గందరగోళం. పిల్ల ఏడ్చిందంటే పెద్దమ్మ 'పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు' అంటుంది. నర్సమ్మ ఆరు నెలలు తల్లిపాలే అంటుంది. నీళ్లు ఎక్కువ తాగకూడదని ఒకరు, బాగా తాగాలని ఇంకొకరు. భరోసా సంగతి చెప్పక్కర్లేదు. 'మేం ఐదుగురిని కన్నాం, ఇంత వేషం ఎరుగుదుమా' అన్న మాట రోజుకోసారి పడుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు 'పోనీలే, మళ్లీసారి కొడుకు పుడతాడులే' అని ఓదార్చి వెళ్తారు. ఇక వినడం. ఇంట్లో ఆరుగురు పెద్దవాళ్లున్నా 'నీకెలా ఉందే?' అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగినవాళ్లు ఒక్కరూ లేరు. వీడియో కాల్‌లో భర్త మొదట అడిగేది 'పాప పడుకుందా?'

నాలుగింటిలో ఒకటి పొంగిపొర్లుతోంది, ఒకటి కలగాపులగం, రెండు ఖాళీ. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం సునీతంత అదృష్టవంతురాలు లేదు.

ఐదో నెలలో సారెతో అత్తారింటికి పంపిస్తారు. అక్కడ అత్తగారు పొలం పనికి వెళ్తారు. ఆ ఒక్క చేతిసాయం కూడా ఒక్కరోజులో పోతుంది. పైగా పుట్టింటి ఊళ్లో ఆమెను చూసిన ఆశా కార్యకర్త వేరు, అత్తగారి ఊరి ఆశా కార్యకర్త వేరు. 42వ రోజుతో మొదటి విడత సందర్శనలు ముగుస్తాయి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో చూసేవి ప్రధానంగా బిడ్డ ఎదుగుదల కోసం. డిప్రెషన్ ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు అన్నాం కదా. ఐదో నెలలో సునీత కుంగిపోతే, ఆమె అంతకుముందు ఎలా ఉండేదో తెలిసిన మనిషి ఆ ఊళ్లోనే ఉండదు.

పుట్టింటి పద్ధతి మంచిదా, చెడ్డదా అన్న వాదన చాలాకాలంగా ఉంది. బాలింతను నలభై రోజులు విశ్రాంతిగా ఉంచే ఆచారాలే డిప్రెషన్ రాకుండా కాపాడుతున్నాయని 1980ల్లో కొందరు మానవశాస్త్ర పరిశోధకులు ప్రతిపాదించారు. తర్వాత ఆసియా దేశాల్లో జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకే తీరుగా లేవు. కొన్నిచోట్ల మేలు కనిపించింది, కొన్నిచోట్ల కనిపించలేదు. తనకు నచ్చి తీసుకునే విశ్రాంతి వేరు, తలుపులేసి కూర్చోబెట్టిన విశ్రాంతి వేరు. దగ్గరుండి చూసుకునేది కన్నతల్లి అయితే ఒకలా, పొసగని అత్త అయితే మరోలా ఉంటుంది. నాకైతే ఆచారాన్ని మొత్తంగా మెచ్చుకోవడమూ, తీసిపారేయడమూ రెండూ తొందరపాటుగానే అనిపిస్తాయి. చేతిసాయం విషయంలో దానికి సాటివచ్చే ప్రభుత్వ పథకం లేదు. వినడం మాత్రం ఆ ఆచారంలో ఎవరి పనీ కాదు.

అత్త కాదనని మాటతో లోపలికి

చదువుకున్న మానసిక వైద్యులు లక్ష మందికి ఒక్కరు కూడా లేని దేశాల్లో ఈ ఖాళీని ఎవరు పూరించాలి? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది ఉదహరించేది పాకిస్తాన్‌ది.

రావల్పిండి జిల్లా పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లు ఉంటారు, మన ఆశాల్లాంటివాళ్లే. మానసిక వైద్యుడు అతిఫ్ రెహ్మాన్ బృందం వాళ్లకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకోవడానికి తోడ్పడే మాటల చికిత్స)లోని మెళకువలను సులువు చేసి నేర్పింది. డిప్రెషన్‌తో ఉన్న దాదాపు 900 మంది గర్భిణులను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఈ శిక్షణ పొందినవాళ్లు, రెండో భాగానికి శిక్షణ లేనివాళ్లు అన్నేసి సార్లు వెళ్లారు. మొత్తం 16 సందర్శనలు: కాన్పుకు ముందు చివరి నెలలో వారానికొకటి, కాన్పు తర్వాత మొదటి నెలలో మూడు, ఆపైన నెలకొకటి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మొదటి భాగంలో 23 శాతం మందిలో, రెండో భాగంలో 53 శాతం మందిలో డిప్రెషన్ మిగిలింది. 2008లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ఆ పద్ధతికి వాళ్లు పెట్టిన పేరు థింకింగ్ హెల్దీ. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని కరదీపికగా తెచ్చింది.

నన్ను ఆకట్టుకున్నది అంకెల కంటే వాళ్లు గడప దాటిన తీరు. 'మీ కోడలికి డిప్రెషన్, వైద్యం చేయడానికి వచ్చాం' అని ఉంటే సగం ఇళ్లలో కుర్చీ కూడా వేసేవారు కాదు. 'బిడ్డ బాగా ఎదగాలంటే తల్లి బాగుండాలి, అది మాట్లాడదాం' అన్నారు. మనవడి ఎదుగుదలను ఏ అత్తా కాదనదు. ప్రతి మాటా మూడింటి చుట్టూ తిరిగింది: తల్లి ఒంటి ఆరోగ్యం, బిడ్డతో అనుబంధం, చుట్టూ ఉన్నవాళ్లతో సంబంధం. అలా అత్తనూ భర్తనూ కూడా సంభాషణలోకి తెచ్చారు. అంటే చిక్కు ఎక్కడుందో ఆ కుటుంబాన్ని పక్కన పెట్టకుండా, దానితోనే పని చేయించారు.

విమర్శలూ ఉన్నాయి. తల్లికి మేలైనా, బిడ్డల బరువు, ఎత్తులో తేడా కనిపించలేదు. విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువ మందికి పడ్డాయి, అంతే. ఆ పిల్లలకు ఏడేళ్లు వచ్చాక మళ్లీ చూస్తే చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. తల్లి ఆరోగ్యాన్ని బిడ్డ పేరుచెప్పి అడగాల్సి రావడం ఏమిటన్న అభ్యంతరం కూడా ఉంది. అది న్యాయమైన అభ్యంతరమే. పల్లెలో తలుపు తట్టాల్సిన మనిషికి మాత్రం ఆ మాట అక్కరకొచ్చింది.

తోటి తల్లులు ఎంతవరకు?

ఆరోగ్య కార్యకర్తలకు ఇప్పటికే పని ఎక్కువ కాబట్టి, అదే పద్ధతిని ఊళ్లోని మామూలు తల్లులకు నేర్పితే? గోవాలోనూ పాకిస్తాన్‌లోనూ ఇది పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. గోవాలో 280 మంది గర్భిణులు పాల్గొన్నారు. ఆరు నెలలకు కోలుకున్నవాళ్లు తోటి తల్లుల సాయం అందిన భాగంలో 73 శాతం, మామూలు వైద్యం అందిన భాగంలో 60 శాతం. కానీ లక్షణాల తీవ్రతను సగటున చూస్తే స్పష్టమైన తేడా రాలేదు. పాకిస్తాన్‌లో ఆరు నెలలప్పటి ప్రధాన ఫలితాల్లో తేడా తేలలేదు. సాయం అందని భాగంలోనూ చాలామంది వాళ్లంతట వాళ్లే కోలుకోవడం ఇక్కడ గమనించాలి.

కెనడాలోని ఒంటారియోలో ఇంకో దారి పట్టారు. డిప్రెషన్ ముప్పు ఎక్కువగా ఉన్న 701 మంది తల్లుల్లో కొందరికి, గతంలో అదే జబ్బు పడి తేరుకున్న వాలంటీర్ల చేత ఫోన్లు చేయించారు. 12 వారాలకు డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు ఫోన్ సాయం అందినవారిలో 14 శాతం, అందనివారిలో 25 శాతం. వాలంటీర్లకు ఇచ్చిన శిక్షణ నాలుగు గంటలే. 'నాకూ ఇలాగే అయ్యింది, తగ్గింది' అని అనుభవంతో చెప్పే గొంతు అమ్మమ్మల సలహాలకంటే వేరేగా వినిపిస్తుంది.

జార్ఖండ్, ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసిన పని మరీ భిన్నం. 2005-08 మధ్య ఊరూరా ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని బొమ్మల కార్డులు, కథలతో కాన్పు కష్టాలను చర్చించి, తమ పరిష్కారాలు తామే వెతుక్కున్నారు. లక్ష్యం నవజాత శిశువుల మరణాలు తగ్గించడం. అవి 32 శాతం తగ్గాయి. తల్లుల డిప్రెషన్‌లో మొత్తం మీద తేడా లేదు. మూడో ఏడాది లెక్క విడిగా తీస్తే మాత్రం ఒక మోస్తరు డిప్రెషన్ 57 శాతం తగ్గినట్టు తేలింది. ఎవరూ డిప్రెషన్ అన్న మాటే ఎత్తకపోయినా, ఊళ్లో ఆడవాళ్లు ఒకరి ఇంటి సంగతి ఒకరు పట్టించుకోవడం అలవాటైతే ఇలా జరగొచ్చని ఒక వివరణ. ఒక్క ఏడాది ఫలితం పట్టుకుని అంత దూరం వెళ్లకూడదన్నది ఇంకో మాట.

వీటన్నిట్లో కామన్‌గా కనిపించేది మామూలు వాట్సాప్ గ్రూపులో ఉండదు. మాట్లాడే మనిషికి కొంత శిక్షణ ఉంది, రోజు తప్పని వేళ ఉంది, ఆమె పైన చూసేవాళ్లున్నారు, పరిస్థితి చెయ్యి దాటితే పంపడానికి ఒక చోటు ఉంది. గ్రూపులో రాత్రి రెండింటికి 'నిద్ర రావట్లేదు' అని రాస్తే పది మంది పలకవచ్చు, అది ఊరటే. కానీ ఆ పదిమందిలో ఒకరు 'మాత్రలు మానెయ్, పాలలోకి పోతాయి' అని రాస్తే ఆపేవాళ్లుండరు.

అందరికీ ప్రశ్నావళి పెట్టాలా?

తోడు దొరకాలంటే ముందు ఎవరికి కావాలో తెలియాలి. 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిని ఇందుకు ఎక్కువగా వాడతారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30 మార్కులు. గడిచిన వారం రోజుల్లో ఎలా ఉందో తల్లే చెప్పాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం ఎంత వచ్చినా, దానికి 'లేదు' కాక వేరే జవాబు వస్తే వెంటనే మాట్లాడాల్సిందే.

ఎన్ని మార్కులు దాటితే పంపాలి అన్నదగ్గర తకరారు. 2020లో బీఎంజే పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, 11 దగ్గర గీత గీస్తే డిప్రెషన్ ఉన్న వందమందిలో 81 మంది దొరుకుతారు, లేని వందమందిలో 12 మంది పొరపాటున దొరుకుతారు. 13 దగ్గర గీస్తే 66 మంది దొరుకుతారు, పొరపాటున దొరికేవాళ్లు ఐదుగురే.

ఒక పీహెచ్‌సీ పరిధిలో ఏడాదికి 200 కాన్పులు, అందులో 30 మంది తల్లులకు నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. 11 గీతతో 24 మందిని పట్టుకుంటాం, ఆరుగురు జారిపోతారు, జబ్బు లేని 20 మంది లిస్టులో చేరతారు. డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినవాళ్లు 44 మంది. 13 గీతతో 20 మందిని పట్టుకుంటాం, పదిమంది జారిపోతారు, లేనివాళ్లు ఎనిమిది తొమ్మిది మందే చేరతారు. వెళ్లాల్సినవాళ్లు 28, 29 మంది. డాక్టర్లు తగినంత మంది ఉన్నచోట మొదటిది నయం. జిల్లా కేంద్రానికి రెండు బస్సులు మారి వెళ్లాల్సిన చోట, ఏమీ లేదని చెప్పించుకోవడానికి 20 మంది బాలింతలను తిప్పడం చిన్న విషయం కాదు. మొదట్లో చెప్పిన 22 శాతాన్ని కూడా ఈ కోణంలోనే చదవాలి. అందులోని చాలా అధ్యయనాలు ఇలాంటి ప్రశ్నావళులతో లెక్కించినవే. డాక్టరు కూర్చుని పరీక్షిస్తే అంకె తగ్గే అవకాశం ఉంది.

అందుకే దేశానికో దారి. అమెరికా నిపుణుల బృందం గర్భిణులను, బాలింతలను కూడా కలిపి పెద్దవాళ్లందరికీ స్క్రీనింగ్ చేయమంటుంది. బ్రిటన్ మార్గదర్శకాలు ముందు రెండు చిన్న ప్రశ్నలతో మొదలుపెట్టమంటాయి. కెనడా బృందం 2022లో అందరికీ ప్రశ్నావళి పెట్టొద్దని, తల్లి ఎలా ఉందని డాక్టర్లు, నర్సులు మామూలు తనిఖీలోనే మాట్లాడి తెలుసుకోవడం మేలని చెప్పింది. మన దేశంలో కేరళ 'అమ్మ మనస్సు' పేరుతో ఆరోగ్య కార్యకర్తల చేత తల్లులను అడిగించే కార్యక్రమం నడుపుతోంది.

ఈ పని ఎవరి నెత్తిన పడుతుంది

తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా మొదట ఆశా కార్యకర్తనే చూపిస్తారు. పైన చెప్పిన ఆరు సందర్శనలూ పూర్తిచేస్తే కేంద్రం లెక్కన ఆమెకు వచ్చేది ఒక బిడ్డకు 250 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గౌరవ వేతనం నెలకు 10,000 చేశారు. టీకాలు, సర్వేలు, యాప్‌లో నమోదుల మధ్య ఇంకో ఫారం చేరితే అది గబగబా టిక్కులు పెట్టే ఫారం అవుతుంది. పైగా అత్తగారు పక్కన కూర్చుని వింటుంటే, 'దిగులుగా ఉందా అమ్మా?' అన్న ప్రశ్నకు ఏ కోడలైనా 'బాగానే ఉన్నానండీ' అనే చెబుతుంది. బిడ్డను తూచే నెపంతో అత్తగారిని వేడినీళ్లు తెమ్మని పంపే ఉపాయం అనుభవం ఉన్న కార్యకర్తలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రెండు నిమిషాలు ఫారంలో ఉండవు.

రెండో మాట డ్వాక్రా సంఘాలు. ఊరూరా నెలనెలా కూర్చునే ఆడవాళ్ల గుంపు ఇంత పెద్ద ఎత్తున సిద్ధంగా ఉన్న చోట్లు దేశంలో తక్కువ. జార్ఖండ్ పద్ధతికి ఇది అనువైన నేల అనిపిస్తుంది. అయితే బాలింత సమావేశానికి రాదు, ఆమె పొదుపు అత్తో తోడికోడలో కట్టేస్తారు. కిస్తీ కట్టలేని నెల ఆ సమావేశమే టెన్షన్. ఇక్కడ చెప్పుకున్న మాట సాయంత్రానికి రచ్చబండ చేరుతుందన్న భయం కూడా ఉంది. సంఘం పనికిరాదని కాదు, వాయిదాల లెక్క తేల్చే చోటే మనసు విప్పమంటే కుదరదు.

పైమెట్టు: ఆసుపత్రి, చట్టం

తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పాలు తాగే బిడ్డ ఏమవుతుందన్న భయంతో కుటుంబాలు జంకుతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ దీనికి జవాబిచ్చింది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు హాని జరిగే ముప్పుందని వైద్యులు తేల్చి వేరుచేసినా, ప్రతి 15 రోజులకోసారి ఆ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించాలి. అదే సెక్షన్ మానసిక జబ్బుకు కూడా శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలంటోంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డ ఇద్దరినీ కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం నడుస్తోంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఫోన్‌లో తెలుగులో మాట్లాడాలంటే 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది. నంబరు 14416, ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు.

పాలిచ్చే తల్లి డిప్రెషన్ మందులు వాడకూడదన్న నమ్మకం బలంగా ఉంది. పాలలోకి చాలా తక్కువ మోతాదులో వెళ్లే మందులున్నాయి, డాక్టర్లు వాటినే ఎంచుకుంటారు. చెప్పకుండా మధ్యలో మానేయడంలోనే ప్రమాదం ఎక్కువ.

అమెరికాలో కాన్పు, అమ్మకు ఆరు నెలల వీసా

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లికి లెక్క తలకిందులవుతుంది. సమాచారానికి కొదవ లేదు, చెకప్‌లో ప్రశ్నావళి కూడా పెడతారు. లేనిది చేతిసాయం. అందుకే అమ్మకు విజిటర్ వీసా తీస్తారు. సాధారణంగా ఒక్క రాకకు ఆరు నెలల వరకు ఉండనిస్తారు. చాలా కుటుంబాలు ముందు అమ్మానాన్న, తర్వాత అత్తామామ అని ఏడాదిని పంచుకుంటాయి. వచ్చిన పెద్దవాళ్లకు కారు నడపడం రాదు, చలికి బయటికి పోలేరు, వాళ్ల ఒంటరితనం వాళ్లది. కూతురికి పగలంతా వంట సాయం ఉంటుంది, సాయంత్రం అమ్మను కూడా ఓదార్చాల్సి వస్తుంది. భర్త ఉద్యోగం మీద డిపెండెంట్‌గా వచ్చి, తనది మానుకున్న అమ్మాయికి ఇవన్నీ ఇంకాస్త బరువు.

అక్కడ 1987లో మొదలైన పోస్ట్‌పార్టం సపోర్ట్ ఇంటర్నేషనల్ ఆన్‌లైన్‌లో ఉచిత బృందాలు నడుపుతోంది, దక్షిణాసియా తల్లుల కోసం విడిగా ఒకటి ఉంది. 2022 మేలో మొదలైన ప్రభుత్వ హాట్‌లైన్ ఇప్పుడు 1-833-852-6262 నంబరుతో పనిచేస్తోంది. కౌన్సెలర్లు మాట్లాడేది ఇంగ్లిష్, స్పానిష్. మిగతా భాషలకు దుబాసీని లైన్లో కలుపుతారు. అత్తగారితో వచ్చిన పేచీని, ఆడపిల్ల పుట్టిందన్న మాటలోని విరుపును దుబాసీ ద్వారా చెప్పుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. దక్షిణాసియా తల్లుల బృందంలో అవి వివరించి చెప్పాల్సిన పని ఉండదు. కాకపోతే అది ముందే పెట్టుకున్న వేళకు నడిచే ముచ్చట, అర్ధరాత్రి అవసరానికి హాట్‌లైనే దిక్కు.